పైకిచ్చిన పట్టా

పుల్లమ్మ కచేరీకి రావడం అది నాలుగోసారి. బంట్రోతు ఇంకా వాకిలి చిమ్ముతుండగానే వచ్చి, అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూచుంది. ఒళ్ళోని మూటలోంచి గొర్రె బొచ్చు కొద్దికొద్దిగా తీసి, వేళ్ళతో సాగదీసి, కదురుకు అందిస్తోంది. టెంకాయ చిప్పలో కదురు సన్నగా చప్పుడు చేస్తూ తిరుగుతోంది. పోయే వచ్చే వాళ్ళ కాళ్ళు తగలకుండా తన కాళ్ళు ముడుచుకుంది.

నిజాముద్దీన్ పది గంటలకు వచ్చి, గొడుగు మూల నిలబెట్టి, తన బల్ల తుడుచుకున్నాడు. మాత్ర వేసి కలిపిన సిరా రాత్రంతా తేరుకుని ఉంది. దాన్ని బుడ్డిలోకి వంచుకుని, కలం ములుకు వేలి గోటి మీద గీసి చూసుకున్నాడు. పెదగుండ్లపాడు డిప్యూటీ తాశీల్దారు కచేరీలో అతను రెండో గుమస్తా. పద్నాలుగు నెలలుగా తాత్కాలికంగానే ఉన్నాడు. ఖాయం చేయవలసిందని సిఫారసు ఈ గురువారం, ఏటా శిస్తు లెక్కలు తేల్చే జమాబందీ క్యాంపుకు పోయే కట్టలోనే పోతుందని హెడ్డు గుమస్తా బ్రహ్మం చెప్పినప్పటి నుంచి, కొత్త కోటు మడత విప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు.

"ఏమ్మా, మళ్ళీ వచ్చినావే?" అన్నాడు కిటికీలోంచి.

పుల్లమ్మ లేచి, కొంగు భుజం మీదికి లాక్కుని కిటికీ దగ్గరికి వచ్చింది. "పట్టా కోసరం అయ్యా. ఆయన పేరు తీసి నా పేరు రాసిస్తామంటిరి గదా."

నిజాముద్దీన్ బీరువా తెరిచి, ఎర్రనాడా కట్టలు ఒక్కొక్కటీ కదిలించి, ఆమె ఫైలు లాగాడు. నాడా ముడి విప్పాడు. పై కాగితం మీద డిప్యూటీ తాశీల్దారు అయ్యగారి ఎర్రసిరా అక్షరాలు రెండు వరసలు ఉన్నాయి. దాని కింద గ్రామానికి పంపిన తెలుగు నోటీసు నకలు ఉంది. నోటీసులు చదివేటప్పుడు వచ్చే గొంతుతో చదవడం మొదలుపెట్టాడు.

"సర్వే నంబరు నూట పన్నెండు, నాలుగెకరాల మెట్ట, సదరు భూమిని రైతు వదులుకున్నందున..." అక్కడ గొంతు తగ్గింది. "సర్కారు స్వాధీనం చేసుకోవడమైనది. దర్ఖాస్తు పెట్టుకున్నవారికి ఇవ్వదగును."

"వదులుకున్న రైతు ఎవురయ్యా?"

"నువ్వేనమ్మా."

"నేనా?"

ఆమె అరవలేదు. చేతిలో ఉన్న కదురు ఇంకా తిరుగుతుంటే రెండో చేత్తో పట్టి ఆపింది.

"అందుకేనా," అంది. "మొన్న మార్కాపురం పలకల కాంట్రాక్టరు మనుషులు వచ్చి చేన్లో సున్నం పూసిన రాళ్ళు నాటిపోయినారు. కొలతలోళ్ళేమో అనుకున్నా. మజ్జిగ కూడా పోసినా వాళ్ళకు."

నిజాముద్దీన్‌కు ఒళ్ళు మండింది. ఇట్లాంటివి విని ఉన్నాడు గానీ కళ్ళెదుట చూడలేదు. ఆ చేని కింద పలకరాయి పొరలు పొరలుగా ఉంటుంది, దాని కోసం ఎవరో ఏదో చేసి ఉంటారు.

"మీ ఊర్లో కరణం ఏమన్నా కాయితం మీద ఏలిముద్ర ఏయించుకున్నాడా?"

"లేదయ్యా. ఆయన పొయ్యినప్పటి నుంచి ఈడ తప్ప యాడా ఏలు ముంచలేదు."

"మరి వదులుకుంటున్నానని ఎవరితోనైనా నోటిమాటగా అన్నావా?"

"చేను వదిలితే నా గొర్లు యాడ మేస్తాయి? నేనేం తింటా?"

నిజాముద్దీన్ ఫైల్లో కిందికి పోయాడు. ఆమె ఇచ్చుకున్న వాఙ్మూలం అతని దస్తూరీలోనే ఉంది. 'నా పెనిమిటి సుబ్బన్న పోయిన కార్తీకంలో కాలం చేసినాడు. ఆయన పేరనున్న పట్టా కచేరీలో ఇచ్చినాను. నా పేర మార్చి ఇప్పించవలెను.' ఒక్క మాట తేడా లేదు. దాని అడుగున, తెలుగు చదివే తీరిక లేని అయ్యగారి కోసం అతను ఇంగ్లీషులో రాసిన వాక్యం ఉంది. 'ది విడో హ్యాజ్ గివెన్ అప్ ది పట్టా ఇన్ దిస్ ఆఫీస్.'

ఆ వాక్యం మీద చూపు ఒక క్షణం ఎక్కువ నిలిచింది. బాగా కుదిరింది అనుకున్నాడు. మిగతా గుమస్తాలు ఎప్పుడూ 'సబ్‌మిటెడ్' అనే రాస్తారు. కచేరీలో కాగితం ఎప్పుడూ పైకే పోతుంది. ఊరి నుంచి ఇక్కడికి, ఇక్కడి నుంచి డివిజనుకు, అక్కడి నుంచి కర్నూలుకు. గివ్ అంటే ఇచ్చు, అప్ అంటే పైకి. పైకి ఇచ్చింది. తానే కూర్చుకున్న మాట అది.

"నువ్వు చెప్పింది చెప్పినట్టే ఉంది ఇక్కడ," అన్నాడు. "దీని తర్వాతనే ఎవరో ఏదో చేసినారు. నేను కనుక్కుంటా. రేపు రా."

"రేపు రావాలంటే ఈపొద్దు పోవాల గదయ్యా. పన్నెండు మైళ్ళు. గొర్లు మా ఆడబిడ్డ రాములమ్మ చూసుకుంటాది. సత్రంలో పడుంటా."

బ్రహ్మం హెడ్డు గుమస్తాకు యాభై దాటాయి. నిజాముద్దీన్ చెప్పిందంతా విని, పొడుం డబ్బీ మూత మీద వేలితో రెండుసార్లు కొట్టి, ముక్కుపొడుం పీల్చి, తుమ్ము రాకపోయేసరికి విసుక్కున్నాడు.

"ఆర్డరు ఎవరిది?"

"అయ్యగారిది."

"అయ్యగారి మీద నువ్వు విచారణ చేస్తావా? జమాబందీకి మూడు దినాలుంది అబ్బీ. గురువారం పొద్దున బండి బయలుదేరాల. అక్కడ సబ్‌కలెక్టరు దొర సంతకమైతే ఆ చేను కాంట్రాక్టరుది. అంతే."

"రాజీనామా కాయితమే లేదు బ్రహ్మన్నా ఫైల్లో. భూమి వదులుకునే రైతు రాజీనామా రాసియ్యాల గదా?"

"అయ్యగారు చూసే ఉంటాడు. నీ ఖాయం సంగతి నువ్వు చూసుకో."

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం తింటూ, దిక్కులేని ఆడమనిషికి ఎంత అన్యాయం జరిగిందో భార్య షాహిదాబీకి చెప్పాడు. చెబుతుంటే గొంతు పెరిగింది. ఆమె గిన్నె కింద పెట్టి, "ఎవరు చేసినారంట?" అని అడిగింది.

"అదే కనుక్కుంటున్నా," అన్నాడు. "కనుక్కోకుండా వదల్ను."

*

మంగళవారం మధ్యాహ్నం మిషను బడి పిల్లల లెక్క రాసుకురమ్మని బ్రహ్మం పంపించాడు. జమాబందీ కాగితాల్లో ఆ లెక్క కూడా ఒకటి. బడి వాగవతల పాలెంలో ఉంది. కచేరీవాళ్ళెవరైనా అక్కడికి పోతే గడప బయటే నిలబడి, కావలసింది అడిగి, వచ్చేస్తారు. నిజాముద్దీన్ కూడా రెండుసార్లు అట్లాగే వచ్చి వెళ్ళాడు.

బోదకప్పు కింద, అలికిన నేల మీద ముప్పైమంది పిల్లలు వరసలుగా కూచున్నారు. ఆశీర్వాదం పంతులు నల్లబల్ల దగ్గర ఉన్నాడు. సన్నటి మనిషి, మోచేతుల దగ్గర అతుకు వేసిన చొక్కా. గడపలో నీడ పడటం చూసి, "వస్తున్నానయ్యా, ఒక్క వాక్యం," అని పిల్లల వైపు తిరిగాడు. బల్ల మీద గుండ్రటి అక్షరాలతో 'ది యాంట్ డిడ్ నాట్ గివ్ అప్' అని రాసి ఉంది.

"సుబ్బులూ, నువ్వు చెప్పు."

పదేళ్ళ పిల్ల లేచి, పలక పొట్టకు ఆనించుకుని, "చీమ పట్టు వదల్లేదు," అంది.

నిజాముద్దీన్‌కు నవ్వొచ్చింది. తాను ఎస్సెల్సీ చదివినవాడు. పాలెం బడిలో ఇంతకన్నా ఏం చెబుతారు అనుకున్నాడు. పిల్లలకు తప్పు నేర్పడం మంచిది కాదు గదా అని కూడా అనుకున్నాడు.

"తప్పు పాపా," అన్నాడు గడపలోంచే. "గివ్ అంటే ఇచ్చు, అప్ అంటే పైకి. చీమ పైకి ఇవ్వలేదు. అంటే, పై అధికారికి సమర్పించలేదు అని."

పిల్ల బిత్తరపోయి పంతులు వైపు చూసింది. ఆశీర్వాదం నవ్వలేదు. సుద్దముక్క బల్ల అంచున పెట్టి, చేతులు దులుపుకున్నాడు.

"పొయ్యి నీళ్ళు తాగి రాండి అందరూ," అన్నాడు.

పిల్లలు గుంపుగా బయటికి పోయాక ముక్కాలిపీట తెచ్చి వేశాడు. నిజాముద్దీన్ ఒక క్షణం తటపటాయించి, లోపలికొచ్చి కూచున్నాడు.

"మీరు కచేరీలో దినమూ ఇంగ్లీషు రాసేవారు. మీకు చెప్పేంతవాణ్ణి కాను. కానీ ఆ పిల్ల చెప్పిందే రైటు అయ్యా."

"ఎట్ల పంతులుగారూ? గివ్ అంటే ఇచ్చు గాదా?"

"ఇచ్చే. అప్ అంటే పైకే. కానీ రెండూ పక్కపక్కన కూచుంటే మూడో మాట పుడుతుంది. మనకు లేదా అట్ల? చేయి తెలుసు, చేసుకోవడం తెలుసు. 'వాడు నా మీద చేయి చేసుకున్నాడు' అంటే ఏంది? కొట్టినాడని. అందులో కొట్టడమనే మాట యాడుంది?"

నిజాముద్దీన్ చూపు నల్లబల్ల మీదికి పోయింది.

"గివ్ అప్ అంటే వదిలెయ్యడం. ఇంక నాకొద్దు అనడం. పని మీద ఉన్నోడు మధ్యలో మానుకుంటే అదే మాట. ఉన్న హక్కు పోగొట్టుకుంటే అదే మాట."

"గివెన్ అప్ ది పట్టా అని రాస్తే?" అతను పీట ముందుకు జరుపుకున్నాడు.

"పట్టా వదులుకున్నారని."

"పట్టా అప్పగించినారు, ఆఫీసులో ఇచ్చినారు అని రాదా?"

ఆశీర్వాదం గూటి వైపు నడిచాడు. "అప్పగించడమనీ ఉంది. కానీ మళ్ళీ నాకియ్యి అని అప్పగించడం కాదు. మనసు తెంచుకుని అప్పగించడం. పట్టా చేతిలో ఉన్న రైతు గురించి ఆ మాట రాస్తే చదివినోడు ఏమనుకుంటాడయ్యా?"

గూట్లోంచి అట్ట చినిగిన నిఘంటువు తీసి, బట్టతో దుమ్ము తుడిచి, పుట తెరిచి అతని ముందు పెట్టాడు. నిజాముద్దీన్ వేలు పెట్టి చదివాడు. ఒకసారి చదివి, పై వరస నుంచి మళ్ళీ చదివాడు. బయట పిల్లలు నీళ్ళు పోసుకుంటూ కేకలు వేస్తున్నారు. అతను నిఘంటువు మూశాడు. నిన్న పొద్దున్నుంచీ కరణాన్ని, కాంట్రాక్టరును, పేరు తెలియని వాళ్ళనెవరెవరినో తిట్టుకున్నాడు. ఆ తిట్లన్నీ ఇప్పుడు ఎవరి మీద పెట్టాలో తోచలేదు.

లేచి చెప్పులేసుకుని వాగు దాకా వచ్చేశాడు. వెనక నుంచి ఆశీర్వాదం చేతిలో కాగితంతో వస్తూ పిలిచాడు.

"అయ్యా, పిల్లల లెక్క మరిచిపోయినారు."

*

బుధవారం అతను అందరికన్నా ముందే కచేరీకి వచ్చాడు. ఫైలు తీసి, వాఙ్మూలం ఒక పక్క, తన ఇంగ్లీషు వాక్యం ఒక పక్క పెట్టుకుని, తెల్లకాగితం మీద రిపోర్టు రాయడానికి కూచున్నాడు. ఈసారి పెద్ద మాటలు వెతకలేదు. తెలిసిన మాటలతోనే రాశాడు. విధవరాలు పట్టా పేరు మార్చడానికి ఇచ్చింది. భూమి వదులుకోలేదు. నేను మాట అర్థం తెలియక తప్పు రాశాను. రాజీనామా కాగితం ఫైల్లో లేదు. నాలుగు వాక్యాలు. సిరా మీద అద్దుడు కాగితం పెట్టి అరచేత్తో నొక్కాడు.

బ్రహ్మం అది చదివి కళ్ళద్దాలు తీశాడు. చదవడానికి ఎంతోసేపు పట్టలేదు గానీ, తిరిగి ఇవ్వడానికి చాలాసేపు పట్టింది.

"చింపేయ్," అన్నాడు నెమ్మదిగా.

"ఎట్ల చింపేది బ్రహ్మన్నా?"

"నీ ఖాయం కాయితమూ, ఇదీ ఒకే కట్టలో పోతాయి. ఒకదాంట్లో 'ఇతను సమర్థుడు' అని ఉంటాది. రెండోదాంట్లో 'నాకు ఇంగ్లీషు రాదు' అని నువ్వే సంతకం పెట్టినావు. దొర రెండూ చదవడా? దాని మీద, రాజీనామా లేకుండా ఆర్డరు ఎట్ల వేసినావని అయ్యగార్ని అడగడా? నీ తప్పుతో పాటు ఆయన తప్పు కూడా మోసుకుపోతున్నావు నువ్వు. అయ్యగారు ఊరుకుంటాడా?"

"ఆ యమ్మ చేను పోతాది గదా?"

"జమాబందీ అయినాక అప్పీలు చేసుకోమను. పైన చూస్తారు."

అప్పీలు అంటే మార్కాపురం, ఆ పైన కర్నూలు. వకీలు. ఏళ్ళు. ఈలోపల చేనంతా తవ్వి పోస్తారు. తవ్విన చేను తిరిగి చేను కాదు. బ్రహ్మానికీ అది తెలుసు. తెలుసు కాబట్టే కళ్ళద్దాలు పెట్టుకుని కట్టలో తల దూర్చాడు.

నిజాముద్దీన్ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. మధ్యాహ్నం దాకా జమాబందీ లెక్కలు నకలు చేస్తూనే ఉన్నాడు. కిటికీలోంచి చూడకుండా ఉండాలని బల్ల కొద్దిగా పక్కకు జరుపుకున్నాడు. అయినా కదురు చప్పుడు వినిపిస్తూనే ఉంది.

అందరూ అన్నాలకు పోయాక అరుగు మీదికి వచ్చాడు. పుల్లమ్మ సద్దిమూట విప్పి జొన్నరొట్టె తింటోంది. అతన్ని చూసి రొట్టె పక్కన పెట్టి లేవబోయింది.

"కూచో, కూచో. తిను."

"కనుక్కున్నావా నాయనా?"

అయ్యా అనే మనిషి నాయనా అనడం అతనికి వినిపించింది. మెట్టు మీద, ఆమెకు కొద్ది దూరంలో కూచున్నాడు.

"నీకు కోపం రాదా పెద్దమ్మా? ఇన్ని దినాలాయె."

"ఎవురి మీద నాయనా కోపం? నేను వదల్లేదు. వదిలినానని కాయితంలో ఉంది. అంటే ఎవురో రాసినారు. రాసినోడూ మనిషే గదా. వాడికి తెలిస్తే దిద్దుతాడు. తెలిసేదాకా కూచోవాల." రొట్టె ముక్క తుంచింది. "ఈడ కూచుంటే బొచ్చన్నా వడుకుతాది."

నిజాముద్దీన్ ఎదురుగా ఉన్న బాట వైపు చూశాడు. గిద్దలూరు వైపు నుంచి వచ్చే బండ్లు రెండు నీడకు ఆగి ఉన్నాయి. ఎడ్లు నెమరు వేస్తున్నాయి.

"రాసింది నేనే," అన్నాడు.

ఆమె నములుతున్నది ఆపింది.

"నువ్వు చెప్పింది తెలుగులో సరిగ్గానే రాసినా. కింద ఇంగ్లీషులో ఒక మాట పెట్టినా. ఇచ్చినావని రాస్తున్నా అనుకున్నా. ఆ మాటకు వదులుకున్నావని అర్థమంట. నాకు తెలీదు. నిన్ననే తెలిసింది."

తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే బాగుండుననిపించింది. ఆమె అతని ముఖం వైపు, చొక్కా మీది సిరా మరక వైపు, వేళ్ళ వైపు చూసింది. తర్వాత మిగిలిన రొట్టె గుడ్డలో చుట్టి ముడి వేసింది.

"రాసినోడివి నువ్వేనా," అంది. "అయితే దిద్దు."

"దిద్దితే నా పని..." అని మొదలుపెట్టాడు. ఆమె కళ్ళల్లోకి చూసి, ఆ మాట పూర్తి చేయలేకపోయాడు. ఆమెకున్నది ఒక చేను. తనది ఇంకా రాని ఉద్యోగం.

లేచి, ప్యాంటు వెనక దుమ్ము దులుపుకుని లోపలికి పోయాడు.

డిప్యూటీ తాశీల్దారు గదిలో తాటాకు పంకా అటూ ఇటూ ఊగుతోంది. గోడ మీద ఐదో జార్జి చక్రవర్తి పటం ఆ గాలికి కొద్దికొద్దిగా కొట్టుకుంటోంది. అయ్యగారు తల ఎత్తకుండా సంతకాలు పెడుతున్నారు. పెట్టిన కాగితం ఎడమ చేత్తో పక్కకు తోసి, కింది కాగితం మీద మళ్ళీ సంతకం. ఒక్కటీ చదవడం లేదు. ఇంతింత కాగితాలు చదివే వీలూ లేదు. నిజాముద్దీన్ జేబులోంచి కాగితం తీసి, మడతలు సాపు చేసి బల్ల మీద పెట్టాడు.

అయ్యగారు దాని మీద కూడా సంతకం పెట్టబోయి ఆగారు. చదివారు.

"ఏమిటిది?"

"తప్పు దిద్దుకుంటున్నానండీ."

"రాజీనామా లేకుండా నేను ఆర్డరు వేశానంటావు."

"అట్ల అనలేదండీ. ఫైల్లో లేదని మాత్రం రాసినాను."

"నీ ఇంగ్లీషుకు నేను పూచీనా? ఎన్నాళ్ళయింది నువ్వొచ్చి?"

"పద్నాలుగు నెలలండీ."

"రేపు పొద్దున బండి బయలుదేరాలి. ఆ కాంట్రాక్టరు క్యాంపులో కూచుని ఉంటాడు. ఇప్పుడు ఇది దొర ముందు పెట్టి ఏమని చెప్పమంటావు?" కాగితాన్ని రెండు వేళ్ళతో అతని వైపు తోశారు. తల మళ్ళీ సంతకాల మీదికి పోయింది. ఇంగ్లీషులో, విసుగ్గా, ఈగను తోలినట్టు అన్నారు. "గివ్ ఇట్ అప్, మ్యాన్."

ఈసారి నిజాముద్దీన్‌కు ఆ మాటలు విడివిడిగా వినిపించలేదు. ఇవ్వడం వినిపించలేదు, పైకి వినిపించలేదు. మొత్తం ఒక్కటిగా వచ్చి తగిలింది. అరుగు మీద నాలుగు దఫాలుగా కూచున్న మనిషి కనబడింది. మధ్యలో 'ఇట్' అనే మాట ఎందుకొచ్చిందో అతనికి తెలియదు. అయ్యగారు పెట్టారు కాబట్టి తనూ అక్కడే పెట్టాడు.

"నో సర్. ఐ విల్ నాట్ గివ్ ఇట్ అప్."

కలం ఆగింది. పద్నాలుగు నెలల్లో మొదటిసారి అయ్యగారు తల ఎత్తి అతని ముఖం పూర్తిగా చూశారు. పంకా లాగేవాడు కూడా ఏదో జరిగిందనుకుని తాడు వదిలాడేమో, గాలి ఆగిపోయింది.

"ఇప్పుడు సరిగ్గా వాడావు," అన్నారు అయ్యగారు.

ఇంకేమైనా అంటారేమోనని నిజాముద్దీన్ నిలబడ్డాడు.

"వెళ్ళు."

కాగితం బల్ల మీదే ఉంది. దాన్ని తీసుకోవాలో వద్దో తెలియలేదు. తీసుకోకుండానే బయటికి వచ్చాడు.

*

గురువారం పొద్దున కట్టలకు నాడాలు వేసి, లక్క కరిగించి, ముద్రలు వేసింది నిజాముద్దీనే. ఒక్కో కట్టలో ఏమున్నదో అతనికి తెలుసు. పుల్లమ్మ ఫైలు మాత్రం కనిపించలేదు. అడిగితే బ్రహ్మం తల అడ్డంగా ఊపాడు. అయ్యగారు తన తోలుపెట్టె తానే మోసుకొచ్చి బండిలో పెట్టుకున్నారు. ఎవరి వైపూ చూడలేదు. బండి మలుపు తిరిగేదాకా పుల్లమ్మ అరుగు మీద నిలబడి చూసింది.

"పోయిందా నాయనా నా కాయితం?"

"పోయిందో లేదో తెలీదు పెద్దమ్మా."

ఆమె అబద్ధం అడగలేదు. అతను చెప్పనూ లేదు.

శుక్రవారం కచేరీలో పని లేదు. అయినా ఇద్దరూ వచ్చారు. అతను లోపల, ఆమె బయట. బ్రహ్మం రెండుసార్లు అటూ ఇటూ చూసి, "మీ ఇద్దరూ ఒక్క గానుగకు కట్టిన ఎద్దుల్లాగున్నారే," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. కాసేపటికి బంట్రోతును పిలిచి, ఆమెకు కుండలో నీళ్ళు ఇవ్వమని చెప్పాడు.

శనివారం పొద్దెక్కాక బండి తిరిగొచ్చింది. అయ్యగారు దిగి, ఎండకు ఎర్రబడ్డ కళ్ళతో తిన్నగా గదిలోకి పోయారు. కొంచెంసేపటికి బంట్రోతు రెండు కాగితాలు తెచ్చి నిజాముద్దీన్ బల్ల మీద పెట్టాడు.

మొదటిది పుల్లమ్మది. 'ఈ కచేరీలో జరిగిన పొరపాటు వల్ల వేసిన ఉత్తరువు రద్దు చేయడమైనది. పట్టా ఆమె పేర మార్చవలెను.' పొరపాటు ఎవరిదో రాయలేదు. గుమస్తాదీ అనలేదు, తనదీ అనలేదు. నిజాముద్దీన్ ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. దొర ముందు ఆ మాట చెప్పింది అయ్యగారే అయి ఉండాలి. అక్కడ ఏం మాట పడ్డారో ఆయనకే తెలియాలి.

రెండోది తనది. ఖాయం చేయడం ఒక సంవత్సరం వాయిదా. కారణం ఒక్క వరసలో ఉంది. ఇంగ్లీషు చాలదు. తిరిగి పరీక్షించవలెను.

బ్రహ్మం వచ్చి అతని భుజం మీదుగా చదివాడు. ఓదార్పు మాటేదో వెతికాడు గానీ దొరకలేదు. "చాలదన్నది అబద్ధం గాదులే," అన్నాడు చివరికి. నిజాముద్దీన్ తల ఊపాడు. షాహిదాబీకి ఎట్లా చెప్పాలా అనుకున్నాడు. కానీ ఆ మాట మీద కోపం రాలేదు.

పట్టా అచ్చు కాగితం తీసి, పాతదాంట్లో సుబ్బన్న పేరున్న చోట పుల్లమ్మ పేరు రాసి, సర్వే నంబరు, ఎకరాలు నింపి, అయ్యగారి సంతకానికి పంపించాడు. అది సంతకమై, అంచున ఎర్రసిరాతో ఇంగ్లీషులో ఒక వరస చేరి తిరిగొచ్చింది. అది పట్టుకుని సిరాగుడ్డతో అరుగు మీదికి వచ్చాడు.

"తీసుకో పెద్దమ్మా. నీ పేరు మీదకు వచ్చింది. ఇక్కడ ఏలిముద్ర ఎయ్యి."

పుల్లమ్మ చెయ్యి చాపలేదు.

"చదువు నాయనా," అంది.

"చదువుతా. నీ పేరు పుల్లమ్మ, సుబ్బన్న భార్య..."

"అట్ల కాదు. ఒక్కో మాట మీద ఏలు పెట్టి చదువు. దానికి అర్థమేందో చెప్పు. ఆనక ఏస్తా ఏలు."

నిజాముద్దీన్ ఆమె ముఖంలోకి చూశాడు. ఎగతాళి లేదు, కోపం లేదు. సంతలో గొర్రెను కొనేటప్పుడు పళ్ళు చూసే మనిషి చూపు అది. అతను ఆమె పక్కన అరుగు మీదే కూచుని, పట్టా మోకాళ్ళ మీద పరిచాడు. మొదటి మాట కింద వేలు పెట్టాడు. చదివాడు, అర్థం చెప్పాడు. ఆమె "ఊ" అన్నాక రెండో మాటకు జరిగాడు. సర్వే నంబరు దగ్గర, "నూట పన్నెండే గదా, వేరే గాదు గదా?" అని అడిగింది. ఎకరాల దగ్గర వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. బాట మీద పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. కచేరీ గుమస్తా పలక పట్టుకున్న పిల్లాడిలా కూచున్నాడు. ఆ సంగతి అతనికీ తెలుస్తూనే ఉంది.

అంచున ఉన్న ఎర్రసిరా వరస దగ్గరికి వచ్చారు.

"ఇదేంది నాయనా? ఇది అచ్చు కాదే, చేత్తో రాసినారే?"

"అయ్యగారు రాసినారు. ఇంగ్లీషు." వేలు పెట్టి చదివాడు. "ఫార్మర్ బౌండరీస్ హోల్డ్ గుడ్."

"అంటే?"

"ఫార్మర్ అంటే పాత. బౌండరీస్ అంటే హద్దులు. పాత హద్దులు..."

"కాంట్రాక్టరు రాళ్ళ సంగతా?"

"దాని సంగతే అయ్యుండాల."

"పాత హద్దులు ఏమంటాండారు? ఉంటాయనా, పోతాయనా?"

హోల్డ్ అంటే అతనికి తెలుసు, పట్టుకోవడం. గుడ్ అంటే తెలుసు, మంచి. పాత హద్దులు మంచిగా పట్టుకుంటాయి. నోటి దాకా వచ్చింది ఆ మాట. చెబితే ఆమె నమ్ముతుంది. వేలిముద్ర వేసి, పట్టా మడిచి మూటలో పెట్టుకుని పన్నెండు మైళ్ళు నడిచి పోతుంది. అక్కడ ఆ రాళ్ళు పీకుతుందో, వదిలేస్తుందో, ఈ ఒక్క మాటను బట్టే.

నిజాముద్దీన్ వేలు ఆ రెండు మాటల కింద అట్లాగే ఉంచి కాసేపు చూశాడు.

"నాకు తెలీదు పెద్దమ్మా," అన్నాడు. "తెలిసినట్టే ఉంది గానీ, తెలీదు. ఉండు. కనుక్కోనొస్తా."

చెప్పులు వేసుకుని మెట్లు దిగి, వాగవతలి బడి వైపు నడిచాడు. ఎండ నిలువునా కాస్తోంది.

పుల్లమ్మ పట్టా ఎగిరిపోకుండా అరచెయ్యి ఒత్తి పట్టుకుని, "పొయ్యిరా నాయనా," అంది. "నిమ్మళంగా కనుక్కోనిరా. నేను యాడికీ పోను."